సముద్రపు ఒడ్డున ఆరు గదులు



"అయ్యగారూ, అండమాను వెళ్ళి వచ్చారటగా! ఎంతయింది? మాబోటివాళ్ళం వెళ్ళగలమా?" అని ఏ ఊరు వెళ్ళినా ఎవరో ఒకరు అడుగుతున్నారు. చిలకలూరిపేట దగ్గర ఒక ఇంట్లో భోజనానికి కూర్చుంటే, ఆ ఇంటి పెద్దాయన కూర వడ్డించకముందే ఈ ప్రశ్న వడ్డించాడు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఈ నెల ఈ పేజీలో రాస్తున్నాము. దారి చెప్తాము, ఖర్చు చెప్తాము. అక్కడ మాకు సిగ్గు కలిగించిన సంగతి కూడా ఒకటి ఉంది. అది దాచుకుంటే మిగతాదంతా చెప్పి ప్రయోజనం లేదు.

మాకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో మేమిద్దరం కలిసి ఊరు దాటామంటే అది మహాసభలకో, పెళ్ళికో, సమాధి కార్యక్రమానికో. మా ఇంటావిడ గేదె పాలు పోసిన డబ్బులో నెలకు వెయ్యి చొప్పున యాభై నెలల చీటీ కట్టింది. చీటీ చేతికి వచ్చిన రోజు, "ఏమండీ, ఈ డబ్బుతో ఇంటికి ఏమీ కొనవద్దు. నీళ్ళ మధ్యలో ఉన్న ఊరు ఒకటి నాకు చూపించండి" అన్నది.

మేము వెంటనే సరే అనలేదు. అది 2025 జనవరి. అంతకుముందు ఏడు రకాన్ని బట్టి క్వింటా ఇరవై వేల దాకా పలికిన మిరప గుంటూరు యార్డులో పడిపోతూ ఉన్నది. తర్వాత ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కలగజేసుకుని క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చిన సంగతి మీకు తెలుసు. మా సంఘంలో సగం కుటుంబాలు కౌలుకు మిరప వేసినవాళ్ళే. వాళ్ళు తల పట్టుకుని కూర్చుంటే కాపరి ఓడెక్కి షికారు పోయాడంటే ఏమనుకుంటారు? ఆ మాటే ఇంట్లో అన్నాము.

"ఇది కానుకల పెట్టెలో డబ్బు కాదండీ, గేదె డబ్బు" అన్నది మా ఇంటావిడ. "మీకు వాళ్ళు ఏమనుకుంటారోనని భయం. నేనేమనుకుంటానో ఈ ఇరవై రెండేళ్ళలో ఒకసారైనా అడిగారా?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. గేదెను, ఇంటిని మా పెద్దబ్బాయికీ మా అత్తగారికీ అప్పగించి జనవరి చివర్లో బయలుదేరాము.

అండమానుకు చెన్నై నుంచి, విశాఖపట్నం నుంచి, కోల్‌కతా నుంచి ఓడలు ఉన్నాయి. తేదీలు తరచూ మారతాయి, కాబట్టి ముందే కనుక్కోవాలి. చెన్నై నుంచి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. మేము బంకు క్లాసులో వెళ్ళాము. రైల్లో పడక బల్లల్లాగా వరుసగా పడకలు ఉంటాయి. మూడు రాత్రులు పట్టింది. రెండో రోజు ఓడ ఊగుడుకు మేము తిన్నదంతా బయటికి వచ్చింది. మా ఇంటావిడకు మాత్రం ఏమీ కాలేదు. అటు వచ్చే శ్రీకాకుళం కుటుంబాల ఆడవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నది. వచ్చేటప్పుడు విమానంలో వచ్చాము, చెన్నైకి రెండు గంటల పైచిలుకు. ముందుగా కొనుక్కుంటే టిక్కెట్టు మరీ భారం కాదు.

మన తాతల కాలంలో అండమాను అంటే ద్వీపాంతర శిక్ష. 1896 నుంచి 1906 వరకు కట్టిన సెల్యులార్ జైలు ఇప్పటికీ ఉంది. ఏడు కొమ్మల్లాగా కట్టిన ఆ కట్టడంలో ఇప్పుడు మూడు కొమ్మలే మిగిలాయి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ మన ప్రతివాది భయంకరాచారిగారిని అక్కడికే పంపారు. ఆ ఊరినే మనం పోర్ట్ బ్లెయిర్ అంటూ వచ్చాము. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అయినా ఆటోవాళ్ళు పాత పేరే పలుకుతున్నారు.

అక్కడ తెలుగు కొత్త భాష కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులన్నిటిలో ఉన్నది 3 లక్షల 80 వేల మంది. అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. 1950ల నుంచి శ్రీకాకుళం, విశాఖ తీరాల మత్స్యకార కుటుంబాలు అక్కడికి చేరి స్థిరపడ్డాయి. చేపలు దిగే జంగ్లీఘాట్ వైపు వెళ్తే మీరు ఏదో భావనపాడు పల్లెలో ఉన్నామనుకుంటారు.

ఇక బస సంగతి. ఇక్కడ మేము మోసపోయాము, మీరు మోసపోకండి. ఊళ్ళో ఒక లాడ్జిలో ఫోను మీదే గది మాట్లాడుకున్నాము. "సముద్రం ఎదురుగానే సార్" అన్నారు. తీరా వెళ్ళి కిటికీ తెరిస్తే చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఒక గోడ. అడిగితే, "గోడ అవతల సముద్రమే కదా సార్" అన్నారు. అబద్ధం కాదు కాబట్టి వాదించలేకపోయాము. ఆ రాత్రికి డబ్బు కట్టేశాము గనుక పడుకున్నాము.

మర్నాడు ఒక తెలుగు ఆటో అబ్బాయి మమ్మల్ని జంగ్లీఘాట్ వైపు నీళ్ళ ఒడ్డునున్న ఒక ఇంటికి తీసుకువెళ్ళాడు. కింద ఇల్లు, పైన రేకుల కప్పు కింద ఆరు గదులు, ముందు పొడుగాటి వరండా. పోటు వచ్చినప్పుడు నీళ్ళు వరండా స్తంభాల మొదట్లోకి వస్తాయి. పాటు తీసినప్పుడు బురద, దాని మీద ఒరిగిన పడవలు, చేపల వాసన. ఆ వాసన సంగతి దాచము. రెండు రోజులకు ముక్కుకు అలవాటైంది. గది రోజుకు 1,200, భోజనం విడిగా. మంచం, దోమతెర, ఫ్యాను, శుభ్రమైన దుప్పటి ఉన్నాయి. వేడినీళ్ళు కావాలంటే కింద నుంచి బకెట్టుతో తెచ్చి ఇస్తారు.

ఆ ఇల్లు నడిపేది యాభై ఏళ్ళు దాటిన ఒక సహోదరి. తాతల నాటి ఊరు శ్రీకాకుళం తీరం, పుట్టింది అక్కడే దీవిలో. భర్త పడవ మీద వేటకు వెళ్తాడు. మాట మన ఉత్తరాంధ్ర మాటే, మధ్య మధ్య హిందీ దొర్లుతుంది. మా యాస విని, "మీది గుంటూరా అమ్మా? ఐతే కారం సరిపోదని గోల సేత్తారు కావాల" అని నవ్వింది.

మొదటి తెల్లవారుజామున నాలుగింటికి మాకు మెలకువ వచ్చింది. చూస్తే మా ఇంటావిడ మంచం అంచున, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది. ఒంట్లో బాగాలేదా అని అడిగాము.

"బాగానే ఉందండీ. లేచాను. ఊడ్చేది లేదు, కళ్ళాపి లేదు, గేదె లేదు, పొయ్యి లేదు. ఏం చేయాలో తోచక కూర్చున్నాను."

కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూశాము. దుఃఖమా, సంతోషమా అని అడిగితే, తనకే తెలియడం లేదన్నది. ఆ దీవుల్లో తొందరగా తెల్లవారుతుంది, సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. ఆరు గంటలకు వేడి టీ, ఎనిమిదింటికి ఇడ్లీ పైకి వచ్చాయి. "పెళ్ళయ్యాక, కాన్పులప్పుడు తప్ప, ఒకరు వండి నా ముందు పెట్టడం ఇదే" అన్నది మా ఇంటావిడ. మేము లెక్క వేసి చూశాము. నిజమే.

ఒక రోజు ప్రభుత్వ ఓడలో నీల్ దీవికి వెళ్ళాము. 2018లో దానికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు. రెండు గంటల ప్రయాణం. నీళ్ళు గాజులాగా ఉంటాయి, అడుగున రాళ్ళు కనిపిస్తాయి. కానీ మాలో ఉన్న పల్లెటూరి మనిషి నీళ్ళకంటే పొలాలనే ఎక్కువ చూశాడు. బెంగాలీ కుటుంబాలు అక్కడ కూరగాయలు పండించి మిగతా దీవులకు పంపుతాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే దేశం అది. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వెయ్యి కూడా పడదు. అంత వాన పడినా వేసవిలో పట్నంలో మంచినీళ్ళకు కటకటే. కొళాయి రోజు విడిచి రోజు, గట్టి ఎండల్లో మూడు రోజులకోసారి వస్తుందని మా ఇంటి యజమానురాలు చెప్పింది. అందుకే ఆవిడ ఇంట్లో ప్రతి గిన్నె నిండి ఉంటుంది. మన పల్లెల్లో ట్యాంకరు కోసం కాచుకున్నవాళ్ళకు ఆ గిన్నెల వరుస చూస్తే వివరించనక్కర లేదు.

ఇక మా సిగ్గు సంగతి.

శనివారం సాయంత్రం జైలు చూసి అలసి వచ్చాము. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఒక టీ అడిగాము. కాసేపటికి కాళ్ళు కడుక్కోవడానికి వేడినీళ్ళు అడిగాము. మళ్ళీ చీకటి పడుతుండగా, చల్లగా ఉంది ఇంకో టీ దొరుకుతుందా అని కిందికి కేక వేశాము. ఆ సహోదరి ప్రతిసారీ నిటారుగా ఉన్న ఆ కర్రమెట్లు ఎక్కి వచ్చింది. మూడోసారి వచ్చి వెళ్ళాక మా ఇంటావిడ మెల్లగా అడిగింది.

"ఏమండీ, ఆవిడ ఇవాళ కూర్చోగా మీరు చూశారా?"

చూడలేదు. సాయంకాలం పని చేసే పిల్ల ఆ రోజు రాలేదట. ఆరు గదులకూ వంట, నీళ్ళు, దుప్పట్లు, అంట్లు అన్నీ ఆవిడ ఒక్కతే. మోకాలికి గుడ్డ కట్టుకుని ఉన్నది. ఆ గుడ్డ మా ఇంటావిడకు పొద్దున్నే కనిపించింది. మాకు మూడుసార్లు ఎదురుగా వచ్చి నిలబడినా కనిపించలేదు.

"ఇంట్లో నన్ను కూడా మీరు ఇట్లాగే పిలుస్తారు" అన్నది మా ఇంటావిడ. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండునేమో.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. విశ్రాంతి కోసం వెయ్యి మైళ్ళు వచ్చినట్టే వచ్చాము. మా విశ్రాంతి అంతా ఇంకొకరి మోకాళ్ళ మీద నిలబడి ఉన్నది. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం గుర్తుకు వచ్చింది. ఓడ పగిలి పౌలు మెలితే ద్వీపానికి చేరిన సంగతి. వానలో, చలిలో తడిసి వచ్చిన పరదేశులకు ఆ దీవివాళ్ళు నిప్పు రాజేసి ఆదరించారు. ఆ భాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ప్రతిసారీ పౌలు చేతిని పట్టిన పాము దగ్గరికే గబగబా పరుగెత్తాము. పాము ఎక్కడినుంచి వచ్చింది? పౌలు పోగుచేసిన పుల్లల్లో నుంచి. అతిథిగా వచ్చినవాడు, అలసినవాడు, పైగా అపొస్తలుడు, కూర్చుని చలి కాచుకోలేదు. వెళ్ళి పుల్లలు ఏరాడు. ఇరవై ఏళ్ళ పరిచర్యలో ఆ పుల్లలు మాకు కనపడలేదు.

ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్ళి వచ్చాక మా ఇంటావిడ నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. "అక్కా, ఈ పూట మీరు లేవకూడదు" అన్నది.

"ఏటమ్మా ఇది! డబ్బులిచ్చినోళ్ళు మీరు. మీరొండితే నేను తినడమేటి?" అని ఆ సహోదరి ఒప్పుకోలేదు. చివరికి, "మా గుంటూరు కారం మీరు తినగలరో లేదో చూద్దాం" అని పందెం వేస్తే నవ్వి కూర్చున్నది. మేము తీసుకువెళ్ళిన కారం, గోంగూర పచ్చడి బయటికి వచ్చాయి. వంజరం చేప ముక్కలు పులుసులో పడ్డాయి. ఉల్లిపాయలు మేము తరిగాము. ఆరు గదులవాళ్ళకూ విస్తళ్ళు మేమే వేశాము. ఒక కోల్‌కతా పెద్దమనిషి పంచె మీద పులుసు ఒలకపోశాము కూడా. ఇరవై ఏళ్ళుగా ప్రభురాత్రి భోజన బల్ల దగ్గర ఒక్క చుక్క కింద పడకుండా పంచే చేతులు, పులుసు గిన్నె పట్టుకోవడం ఎరగవు.

అందరూ తిన్నాక ఆ సహోదరికి వరండాలో పీట వేశాము, సముద్రం కనబడేలా. ఆవిడ పీటను ఇటు తిప్పుకుని సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నది. గాలికేమో అనుకుని మేము ఏదో అనబోయాము. ఆవిడే చెప్పింది.

2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. భూకంపం, దాని వెంట సునామీ. మన ప్రకాశం తీరంలోనూ అది ప్రాణాలు తీసింది. అక్కడ పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల నేలే కుంగింది. సిప్పీఘాట్‌లో పండే పొలాలు నీళ్ళ కిందికి పోయాయి. జంగ్లీఘాట్‌లో నీళ్ళు పడవలను ఎత్తి గట్టు మీద పడేశాయి. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నవి నికోబార్ దీవులు. ఈ సహోదరి తమ్ముడు తాపీపనికి కార్ నికోబార్ వెళ్ళి ఉన్నాడు. తిరిగి రాలేదు. శరీరం కూడా దొరకలేదు.

"సముద్రం సూపించి గదులు అద్దెకిత్తాను గానీ, నేను కూకుని సూడనమ్మా. కూడు అదే పెడతాది. అయినా సూడలేను" అన్నది.

మాకు నోట మాట రాలేదు. ఆదరణ మాటలు చెప్పడం మా వృత్తి. ఆ పూట ఒక్కటీ దొరకలేదు. మా ఇంటావిడ మాత్రం తన కంచం తీసుకుని వెళ్ళి, తాను కూడా సముద్రానికి వీపు పెట్టి, ఆవిడ పక్కనే కూర్చున్నది. నీళ్ళ మధ్య ఊరు చూడాలని యాభై నెలలు చీటీ కట్టిన మనిషి. ఇద్దరూ గోడ వైపు చూస్తూ, గోంగూర బాగా కుదిరిందా, కారం ఎక్కువైందా అని మాట్లాడుకుంటూ తిన్నారు. కారం పందెం ఆ సహోదరే గెలిచింది. మేము వడ్డించాము.

మంగళవారం బయలుదేరుతుంటే ఆవిడ ఎండుచేపల మూట ఒకటి ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. మా కారం డబ్బా అక్కడే వదిలి వచ్చాము.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మనకు జనవరి నుంచి మిరపకోతలు కాబట్టి ఏప్రిల్ మొదట్లో వెళ్ళడం మేలు. ఆధార్ కార్డు ఉంచుకోండి. పోర్ట్ బ్లెయిర్‌కు, నీల్‌కు మనకు ప్రత్యేక అనుమతి అక్కర లేదు. నికోబార్‌కు, గిరిజనుల ప్రాంతాలకు మాత్రం ఊరికే పోనివ్వరు. గదికి డబ్బు కట్టకముందు కిటికీ తెరిచి చూడండి. స్నానానికి మంచినీళ్ళా ఉప్పునీళ్ళా, దోమతెర ఉందా, పాటు సమయంలో ఎట్లా ఉంటుంది అని అడగండి. ఎక్కడపడితే అక్కడ నీళ్ళలో దిగకండి. కొన్ని తీరాల్లో మొసళ్ళు ఉన్నాయి, స్థానికులను అడిగే దిగండి. పగడపు రాళ్ళు, గవ్వలు ఏరి తేవడం నిషేధం. మా ఇద్దరికీ రానుపోను ప్రయాణం, బస, భోజనం అన్నీ కలిపి యాభై వేలలో రెండు వేల చిల్లర మిగిలింది. అంత పెట్టలేనివాళ్ళకు మన సూర్యలంక, వాడరేవు ఉన్నాయి. అక్కడి గాలికీ ఉప్పే, అక్కడి నీళ్ళకూ అలలే.

ఎక్కడికి వెళ్ళినా ఒక సంగతి మాత్రం గమనించండి. మీరు కూర్చున్న కుర్చీ వెనక నిలబడి ఉన్నది ఎవరు? వాళ్ళు తిన్నారా?

మేము తిరిగి వచ్చేసరికి మిరపకోతలు ముమ్మరంగా ఉన్నాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి కోతకు వచ్చిన కుటుంబాలు, ఎప్పటిలాగే, చేల గట్ల మీద పట్టాలు కట్టుకుని ఉన్నాయి. ప్రతి ఏటా వాళ్ళను చూస్తూనే ఉన్నాము. ఈసారి మా ఇంటావిడ అడిగింది: "వీళ్ళకు మనం ఇచ్చిన బస ఏ పాటిదండీ? స్నానానికి చాటు ఉందా?" లేదు. ఆ ఆదివారం ఆరాధన తర్వాత సంఘ పెద్దలతో ఈ మాట అన్నాము. ధర లేని ఏడు, చేతిలో డబ్బు లేదు అన్నారు, అది నిజమే. అయినా ఒక రైతు తన బోరు దగ్గర నాలుగు కర్రలు పాతి గోనెపట్టాలతో చాటు కట్టాడు. ఇంకో ఇంటివాళ్ళు పసిపిల్లల తల్లికి రాత్రుళ్ళు వసారాలో చోటిచ్చారు. చిన్న సంగతులే. పుల్లలు కూడా చిన్నవే.

మా ఇంట్లో ఇప్పుడు సోమవారం రాత్రి వంట మాది, మా అబ్బాయిలది. మొదటి వారం అన్నం మాడింది. వీధిలోవాళ్ళు, "అయ్యగారు గరిటె పట్టారట" అని నవ్వుకున్నారు. నవ్వనివ్వండి. ఆ పూట మా ఇంటావిడ వాకిట్లో మంచం వేసుకుని కూర్చుంటుంది. మొదట్లో రెండుసార్లు లేచి వంటింట్లోకి తొంగి చూసేది. ఇప్పుడు లేవడం లేదు.

పాఠక సహోదరులారా, మీ ఇంట్లో చివరన తినేది ఎవరో మీకు తెలుసు. ఈ వారం ఒక్క పూట ఆ మనిషికి మీరు పీట వేయండి. ఏ వైపు తిరిగి కూర్చోవాలో మాత్రం ఆ మనిషినే ఎంచుకోనివ్వండి.